క్యారియర్ మీద బాణీ

బాలానగర్‌లో సెకండ్ షో చూసి పెంటయ్య సైకిల్ మీద కొత్తగూడకు బయలుదేరాడు. సినిమాలో నాయిక చచ్చిపోతుంటే వయొలిన్లు మోగాయి. వాటికి వెక్కి వెక్కి ఏడ్చాడు. పోయిన నెల పెళ్ళాం రుక్కమ్మను మట్టి చేసిన రోజు మాత్రం ఒక్క చుక్క రాలలేదు. అది గుర్తొచ్చి, చూసేవాళ్ళు లేని చీకట్లో కూడా తల దించుకున్నాడు.

బండరాళ్ళ మధ్యకు రాగానే సైకిల్ బరువెక్కింది. రుక్కమ్మ ఎప్పుడూ కూర్చునే వెనక క్యారియర్ మీద ఎవరో ఆ వయొలిన్ బాణీనే సన్నగా తీస్తున్నారు.

పెంటయ్య తిరిగి చూడలేదు. "తప్పయింది, రుక్కీ" అన్నాడు.

"గా ఫిడేలు సప్పుడుకు ఏడ్చినవ్ గద. ఇగ నా కోసం జర ఏడువు."

ఎంత ప్రయత్నించినా కళ్ళు తడవలేదు.

వెనక రుక్కమ్మ ఆ బాణీని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.