పటుక్కు

"ఒక్కసారి పటుక్కుమనిపించు తల్లీ, పోతా. గొర్రెలింకా దొడ్లోనే ఉండాయి," అంటూ ఓబయ్య బల్లమీద బోర్లా పడుకున్నాడు. అతనికి మూడు నెలలుగా నడుంనొప్పి. ఎవరిదో అలాంటి నొప్పి ఒక్క పటుక్కుతో మాయమవడం సెల్‌ఫోన్ వీడియోలో చూసి, కొమరోలు నుంచి గిద్దలూరు వచ్చాడు.

వెన్నెముక సరిచేసే షాయిస్తా అతని నడుం మీద చేయి వేయలేదు. "ముందు ఇది చెప్పు మామా. కాళ్లు తిమ్మిరెక్కుతాయా?"

"నాకేం తిమ్మిరి? ఇనుప కాళ్లు నావి!"

"నడుస్తాంటే ఎడమకాలి చెప్పు జారిపోతాది. ఆయనకు తెలీనే తెలీదు," అంది పక్కనున్న భార్య నాగరత్నమ్మ.

"అది చెప్పు తప్పు. ఇప్పటికి మూడు జతలు మార్చినా!"

షాయిస్తా బల్ల చివరికి వెళ్లింది. "చూడకుండా చెప్పు మామా. ఏ వేలు పట్టుకున్నా?"

"నువ్వు పట్టుకుంటే గదా నేను చెప్పేది!"

ఓబయ్య మెడ తిప్పి చూశాడు. ఆమె అతని ఎడమకాలి బొటనవేలిని గట్టిగా నొక్కిపట్టుకుని ఉంది.

"ఎప్పుడు పట్టుకున్నావమ్మా?" అతని గొంతు తగ్గింది.

"అడగకముందే. నరం నలిగినట్టుంది మామా. ఇప్పుడు నేను పటుక్కుమనిపిస్తే కాలు చచ్చుబడిపోవచ్చు. ఈరోజే నరాల డాక్టరు దగ్గరికి పోండి. ఆయన సరేనంటేనే నా దగ్గరికి రా."

ఓబయ్య మెల్లగా లేచి కూర్చున్నాడు. దిగబోయి ఆగాడు.

"ఏమే, చెయ్యియ్యి."

ముప్పయ్యేళ్ల కాపురంలో అతను చెయ్యి అడగడం అదే మొదలు. నాగరత్నమ్మ కంగారుగా రెండు చేతులూ ఇచ్చింది.