కుక్కర్‌కి వచ్చిన ఫోను

ఫ్యాను మొదలు కుక్కర్ దాకా అన్నిటికీ నోరొచ్చింది గానీ, బయటికి ఇంటికంతటికీ ఒకటే నంబరు. వచ్చిన మాట ఎవరికి చేరాలో రౌటర్‌కి చెప్పడం కూడా ఇంటిపనే అయింది.

అత్తగారు భ్రమరాంబ ఆ పని నేర్చుకోవడానికని కోడలు హిమజ తెరమీద ఉత్తుత్తి ఇల్లొకటి కట్టిచ్చింది. "దీన్నెంత చెడగొట్టినా ఫరవాలేదత్తయ్యా. పక్కనున్న అసలిల్లు మాత్రం ముట్టుకోకండి."

భ్రమరాంబ హుషారుగా ఫోన్లన్నీ కుక్కర్‌కి మళ్ళించింది.

అంతలో వంటింట్లోని కుక్కర్, అనకాపల్లి చెల్లెలి గొంతుతో అరిచింది. "అక్కా, నీ కోడలి మొండితనం ఏమైనా తగ్గిందా?"

హిమజ నడుం మీద చేతులేసుకుంది. "అత్తయ్యా, మీరు మార్చింది మనింటినే!"

భ్రమరాంబ గబగబా వంటింట్లోకి నడిచింది. కుక్కర్ మీదికి వంగి గట్టిగా చెప్పింది.

"దేవుడి దయవల్ల తగ్గలేదే! తగ్గితే నాకీ రౌటర్ నేర్పేదెవరు?"