హ్యాండిల్ తాత కాపలా

“ఒక్కసారి ఇటు తిరగండి మామయ్యా. పచ్చదీపం వెలిగితే కరెంటు, ఎర్రదీపం వెలిగితే జనరేటర్. ఇంతే దీని కథ.”

“దాని కథ నాకెందుకు? దాని మొహం కూడా చూడను.”

హ్యాండిల్ తాత స్టూలు ఇంకాస్త జరుపుకుని, గోడకున్న కొత్త పెట్టెకు పూర్తిగా వీపు తిప్పేశాడు.

ఆస్పత్రి మెట్ల కింద ఉన్న ఈ కరెంటు గది ముప్పై ఏళ్లు ఆయనదే. కరెంటు పోగానే పరుగున వెళ్లి జనరేటర్ స్టార్ట్ చేయాలి. పరుగున తిరిగొచ్చి, కరెంటు నుంచి జనరేటర్‌కి మార్చే ఛేంజోవర్ హ్యాండిల్ కిందికి లాగాలి. కరెంటు రాగానే మళ్లీ పైకి ఎత్తాలి. నర్సులు ఆయనకు ఆ పేరు ఊరికే పెట్టలేదు.

మూడు నెలల కిందట ఈ పనంతా తనంతట తానే చేసేసే పెట్టె వచ్చింది. తాతతో ఒక ఫొటో దిగి, ఇంటికి పంపేశారు. అదీ ఓర్చుకున్నాడు. కానీ దాన్ని బిగించిన ఎలక్ట్రీషియన్ సొంత అల్లుడే కావడం మాత్రం ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఇవాళ ఆ అల్లుడి భార్యనే, అంటే తన ఒక్కగానొక్క కూతుర్నే, పై అంతస్తులో కాన్పు ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లారు.

“పది సెకన్లలో మారిపోతుంది మామయ్యా. ఆ పది సెకన్లూ ఆపరేషన్ లైటుకి బ్యాటరీ ఉంది. పైకి రండి, అత్తయ్య ఒక్కతే కూర్చుంది.”

“లోపలున్నది కన్నబిడ్డని నీ పెట్టెకి తెలుసా? నాకు తెలుసు. ఆ ట్యూబులైటు ఆరిందా, ఒక్క అంగలో లేచి నేనే మారుస్తా. నువ్వెళ్లు.”

“అదే మారిపోతే?”

“ఈ మీసం తీసేస్తా!”

భార్య ముప్పై ఏళ్లుగా బతిమాలుతున్నా తీయని గుబురు మీసం అది. అల్లుడు నవ్వాపుకుంటూ మెట్లెక్కాడు.

తాత తలెత్తి ట్యూబులైటునే చూస్తూ కూర్చున్నాడు. లోపల మాత్రం బెంగగానే ఉంది. రాత్రంతా కూతురి మంచం పక్కనే మేలుకున్నాడేమో, కళ్లు భగభగ మండుతున్నాయి. పాత జనరేటర్ మొదలైతే మూడు వీధులకు వినపడేది. కొత్తదాన్నేమో పెరటి గోడ అవతల, చప్పుడు బయటికి రాని గదిలో పెట్టారు.

“గొంతే లేనిది, అదీ ఒక జనరేటరేనా!” అని గొణుక్కున్నాడు. తర్వాత పైకప్పు వైపు చూసి, “భయపడకు తల్లీ, కింద నేనున్నా,” అన్నాడు.

పదిన్నరకు టీ తెచ్చిన నర్సు భుజం తట్టాల్సి వచ్చింది. తాత గడ్డం గుండెలకు ఆనుకుని ఉంది.

“ఏంటి తాతా, కునుకా?”

“కునుకేంటి కునుకు! కళ్లు మూసుకుని కాపలా కాస్తున్నా.”

గబుక్కున పైకి చూశాడు. ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. హమ్మయ్య అనుకుని టీ ఊదుకుంటూ తాగాడు.

పన్నెండు దాటాక అల్లుడు రెండేసి మెట్లు దూకుతూ దిగొచ్చాడు.

“ఆడపిల్ల మామయ్యా! తల్లీబిడ్డా క్షేమం!”

తాత కళ్లలోంచి జారిన నీళ్లు మీసంలో ఇంకిపోయాయి. అల్లుణ్ని గట్టిగా వాటేసుకున్నాడు. కాస్త తేరుకోగానే గొంతు మళ్లీ పాత దారికి వచ్చేసింది.

“చూశావా? నేనిక్కడ కూర్చున్నాక కరెంటుకి పోయే ధైర్యమెక్కడిది! ఇవాళ నీ పెట్టెకి పనే పడలేదు.”

అల్లుడు ఆయన భుజం మీదుగా పెట్టె వైపు ఒకసారి చూశాడు. మీసం వైపు ఒకసారి చూశాడు.

“అవును మామయ్యా. అంతా మీ చలవే. పదండి, మనవరాల్ని చూద్దురుగాని.”

తాత మీసం రెండువైపులా మెలేసి, మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. అంతలో, చాలాకాలంగా ఇటువైపు రాని లైన్‌మన్ వీధి గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి కేకేశాడు.

“పొద్దున పదింటికి తెగిన లైను ఇప్పుడే కలిపాం తాతా, ఇంక జనరేటర్ ఆపేసి నీ హ్యాండిల్ పైకి ఎత్తెయ్!”