గడువుకు ముందే

"ఇంకా రెండు నెలలు గడువుంది కదమ్మా, ఇప్పుడే ఎందుకు?" రవాణా ఆఫీసు కౌంటర్లో గుమాస్తా తలెత్తి అడిగాడు. "తేదీ దాటాక లబోదిబోమంటూ వచ్చేవాళ్లే తప్ప, ముందొచ్చి ఫిట్‌నెస్ పరీక్ష బుక్ చేసుకునేవాళ్లు మాకు కలలో కూడా కనిపించరు."

"దగ్గర్లో ఏ రోజుంటే ఆ రోజు ఇవ్వు నాయనా," అంది కుట్టుమిషనమ్మ. వీధంతా ఆమెను పిలిచే పేరు అదే. "బండి నా పేరునే ఉంది. నడిపేది మా అబ్బాయి."

కోడలు పోయిన దగ్గర్నుంచి ఆ వ్యాను ఇంటి ముందు కదలకుండా పడి ఉంది. దాన్ని చూస్తేనే కొడుకు మొహం తిప్పుకుంటున్నాడు. మొన్న తుక్కు కొనేవాడిని వెంటబెట్టుకొస్తే, ఆమె గేటుకు అడ్డంగా నిలబడింది.

"దాన్ని పట్టుకుని వేలాడతావేంటమ్మా?"

"పరీక్ష కానివ్వరా. ఆ తర్వాత నీ ఇష్టం."

"అయితే మెకానిక్కుకి చూపించి నేనే తీసుకెళ్తా."

"ఎవరూ దానిమీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు."

ఒక్కగానొక్క కొడుకు మీద ఆమె ఏనాడూ గొంతు పెంచింది లేదు. వాడు విసురుగా లోపలికి వెళ్లిపోయాడు. ఆమె తాళంచెవి తీసి బొడ్డున దోపుకుంది.

పరీక్ష రోజు పక్కింటి డ్రైవరు వ్యాను తోలుకొచ్చాడు. ఆమె ఓ పక్కన నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ రోజు వినబోయే మాట మీదే తన కొడుకు బతుకు ఆధారపడి ఉంది. కోరుకున్న మాటే రావాలని ఆమె తలచుకోని దేవుడు లేడు.

లైట్లు, హారను, టైర్లు చూడటం అయింది. ఇన్‌స్పెక్టరు వ్యానును ఏటవాలు దిమ్మె మీదికి ఎక్కించి, హ్యాండ్‌బ్రేకు లాగి దిగాడు. అది అంగుళం కూడా జరగలేదు.

"పాసైనట్టేనమ్మా."

"ఇంకోసారి చూడు బాబూ."

అతను నవ్వాడు. "ఫెయిలైతే మళ్లీ చూడమని కాళ్లావేళ్లా పడేవాళ్లను చూశాను గానీ..." అంటూనే, ఆమె మొహం చూసి కాదనలేక మళ్లీ ఎక్కించాడు. ఈసారి ఇద్దరు మనుషులచేత తోయించాడు కూడా. వ్యాను బండరాయిలా నిలబడింది.

"ఈమధ్య ఎవరైనా బాగుచేసి ఉంటారా?" అని అడిగిందామె.

అతను వంగి, కింద టార్చి వేసి చూశాడు. "లేదమ్మా. కేబులు మీద ఏళ్లనాటి మట్టి అలాగే ఉంది. బండి పాతదే గానీ ఈ బ్రేకు మాత్రం ఉడుంపట్టు. నిశ్చింతగా ఇంటికి ఫోన్ చేసి మీ అబ్బాయికి చెప్పండి."

ఆమె అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. సంతోషం పట్టలేకపోయిందనుకుని ఇన్‌స్పెక్టరు మంచినీళ్లు తెప్పించాడు. ఆమె గ్లాసు ముట్టుకోలేదు.

"పోలీసు స్టేషను ఎటువైపు నాయనా?" అని అడిగింది.

హ్యాండ్‌బ్రేకు జారి వ్యాను కోడలి మీదికి దొర్లిందని చెప్పింది కొడుకే.