రెండు వాటాలు, ఒకటే వంటిల్లు

"మేడమ్, మళ్లీ పడిపోయింది!"

టీమ్‌లో అందరికన్నా చిన్నవాడు, బక్కోడు పెట్టిన కేకకి టీమ్ లీడర్ చేతిలోని కాఫీ కాస్తా బల్ల మీద ఒలికిపోయింది.

ఆసుపత్రి ల్యాబ్ రిపోర్టులన్నీ వీళ్ల సర్వర్ల మీదే నడవాలి. ఉన్న రెండొందల సర్వర్లకూ పెత్తనం ఒక పెద్ద సర్వరుది. దాన్ని పరీక్షలకి టెస్టు, అసలు పనికి లైవ్ అని రెండు వాటాలు చేశారు. ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాముని మార్చి రాస్తే, ముందు టెస్టు వాటాలో పెట్టి చూడాలి, బాగుంటేనే లైవ్ వాటాలోకి పంపాలి. అలాంటిది, మేడమ్ నిన్న టెస్టులో పెట్టిన ప్లగిన్ ఇవాళ లైవ్ సర్వర్లను పట్టి పీడిస్తోంది. పెద్ద సర్వర్ని రీస్టార్ట్ చేస్తే ఒకసారి బుద్ధిగా ఉంటుంది, ఇంకోసారి మళ్లీ మొదటికొస్తుంది.

"నాలుగింటికల్లా బాగవకపోతే పనంతా బయటి కంపెనీకి ఇచ్చేస్తా," అని మేనేజర్ తేల్చి చెప్పేశాడు. అంటే మేడమ్‌తో సహా ఆరుగురి ఉద్యోగాలు గోవిందా.

అప్పటికే రెండున్నర.

"పన్నెండింటికి అడిగాను, పిచ్చుక గారు జవాబిచ్చారా?"

"ఇంకా లేదు మేడమ్."

పిచ్చుక ఎవరో ఆమెకూ తెలీదు. సర్వర్ల పని చేసేవాళ్లు సందేహాలు అడుక్కునే వెబ్‌సైట్‌లో ఆ పేరుతో ఎవరో రాస్తుంటారు. పదేళ్ల కిందట, పనిలో చేరిన కొత్తలో, 'చిట్టి' అన్న పేరుతో ఆమె అడిగిన తిక్క ప్రశ్నలన్నిటికీ విసుక్కోకుండా, అఆల దగ్గర్నుంచీ నేర్పారు. ఏనాడూ జవాబుకి పావుగంట దాటలేదు.

"నాకు అన్నం పెట్టిన చెయ్యి అది. కనిపిస్తే కాళ్లు పట్టుకుంటా," అంటుంది మేడమ్, ఎవరడిగినా అడక్కపోయినా.

ఇవాళే, పీకల మీదికొచ్చిన రోజే, ఆ పిచ్చుక పలకడం లేదు.

గోడవారన కుర్చీలో పదకొండింటి నుంచీ ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆరునెలల తాత్కాలిక ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వచ్చాడు. ఒళ్లో గొడుగు. బక్కోడు సర్టిఫికెట్లు అడిగితే, "ఫోన్లో ఉన్నాయి బాబూ, ఫోనేమో గేటు దగ్గర తీసేసుకున్నారు," అన్నాడు.

"సరిపోయింది సంబడం!" అన్నాడు బక్కోడు.

ఇప్పుడాయన మెల్లగా లేచి దగ్గరికొచ్చాడు.

"అమ్మా, రీస్టార్ట్ అయ్యాక పెద్ద సర్వర్ని ముందు పలకరిస్తున్నది టెస్టు సర్వరా, లైవ్ సర్వరా?"

"కొంప మునుగుతుంటే మధ్యలో మీ గోలేంటి పెద్దాయనా? కూర్చోండి!"

"అది కాదమ్మా, రెండు ప్లగిన్లకీ పేరు ఒకటేనేమో అని..."

"ఒరేయ్, ముందీయన్ని పంపించెయ్యరా!"

మేడమ్ ఆయన చేతిలోని దరఖాస్తు లాక్కుని, 'వద్దు' అని గీకి, సంతకం పడేసింది.

ఆయన నొచ్చుకోలేదు. ఒలికిన కాఫీ కీబోర్డు దాకా పాకుతుంటే తన రుమాలుతో తుడిచాడు. గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

పది నిమిషాలకి కంప్యూటరు టింగుమంది.

"పిచ్చుక గారు!" మేడమ్ ఎగిరి గంతేసినంత పని చేసింది.

'చిట్టీ, వాటాలు రెండైనా వంటిల్లు ఒకటే కదా. ఒకే పేరుతో రెండు ప్లగిన్లు ఉంటే, ఏ వాటా ముందడిగితే దాని ప్లగిన్‌నే పెద్ద సర్వరు గుర్తుపెట్టుకుని రెండోవాళ్లకీ అదే వడ్డిస్తుంది. ఏ వాటా ప్లగిన్ వివరాలు ఆ వాటాలోనే విడిగా రాయించి పెట్టు. కమాండు కింద ఇచ్చాను. ప్లగిన్ మార్చినప్పుడల్లా మళ్లీ రాయించాలి, మరిచిపోయేవు!'

అలాగే చేసింది. మూడుంబావుకల్లా రెండొందల సర్వర్లూ పచ్చగా వెలిగాయి. బక్కోడు ఈల వేశాడు. మేడమ్‌కి కళ్లనీళ్లు తిరిగాయి.

'మీరు లేకపోతే ఇవాళ ఆరుగురం రోడ్డున పడేవాళ్లం. ఇంతసేపూ పలక్కపోయేసరికి హడలిపోయాను. ఒంట్లో బాగానే ఉంది కదా?' అని రాసింది.

జవాబు వెంటనే వచ్చింది.

'నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. ఉద్యోగం కోసం ఒకచోటికి వెళ్లాను చిట్టీ. అక్కడో అమ్మాయిదీ అచ్చం నీ చిక్కే, చెప్పబోతే వినే తీరిక లేదు పాపం. ఫోను గేటు దగ్గరే తీసేసుకున్నారు, అందుకే నీ ప్రశ్న బయటికొచ్చాక గానీ చూడలేదు, ఏమీ అనుకోకు తల్లీ.'