పక్కింటి ఎలుగుబంటి

"అన్నీ అంటాను గానీ, ఆ ఒక్క మాట మాత్రం నా నోట రాదు" అంటూ కుందేలు హెడ్‌ఫోన్స్ తీసి స్టాండుకి తగిలించింది.

కుందేలంటే నిజం కుందేలు కాదు. యాభై దాటిన ఆవిడ. శాలువా, మోకాళ్ళ నొప్పులు, చీమకే వినపడేంత సన్నటి గొంతు. పిల్లల కార్టూన్‌లో కుందేలుకి ఆ గొంతు అరువిచ్చేది ఆవిడే. ఆ డబ్బింగ్ స్టూడియోలో ఎవరి అసలు పేరు ఎవరికీ పట్టదు. "కుందేలుకి చక్కెర లేకుండా, బాతుకి సగం కప్పు" అని టీ ఇచ్చే ఆవిడ కేకేసిందంటే ఎవరి కప్పు వాళ్ళు అందుకోవడమే.

రికార్డింగ్ చూసే అమ్మాయి అద్దం ఇవతల తల పట్టుకుంది. ఉద్యోగంలో చేరి మూడు రోజులు. చలికాలం సెలవుల ప్రత్యేక భాగం రేపు పొద్దున్నే టీవీలో రావాలి. "ఐదింటికి ఫైలు రాకపోతే, రేపట్నుంచి నువ్వూ రానక్కర్లేదు" అని మేనేజరు ఫోన్లో చెప్పి అరగంటైంది. గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది.

మిగిలింది ఒకే ఒక్క సీను. మంచులో బండి లాక్కెళుతూ ఎలుగుబంటి పక్కింటి కుందేలు కంచె విరగ్గొట్టింది. సెలవులకి ఇరుగుపొరుగంతా ఒకచోట చేరి సంబరాలు చేసుకుంటుంటే, అది తలుపు తట్టి క్షమాపణ అడుగుతుంది. కుందేలు పకపకా నవ్వి, "పోనీలే ఎలుగన్నా, లోపలికి రా, బయట చలి" అనాలి. అంతే. మాట మీద మాట పడాలి కాబట్టి ఆ అమ్మాయి ఇద్దర్నీ ఒకే గదిలో నిలబెట్టింది. అదే ఆమె చేసిన పొరపాటు.

ఎలుగుబంటి ఆరడుగుల మనిషి. నెరిసిన మీసం. వచ్చినప్పట్నుంచీ ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా నిలబడ్డారు.

"ఆయన్ని కాస్త అవతలికి జరగమనమ్మా. ఊపిరి నా మైకులో పడుతోంది" అంది కుందేలు.

"ఊపిరి పీల్చడం మానెయ్యమంటారేమో కనుక్కోమ్మా" అన్నాడు ఎలుగు.

"మానేసినా మనకేం నష్టం లేదని చెప్పు."

మధ్యలో ఆ అమ్మాయి పోస్టుమాన్ అయిపోయింది.

పదకొండో టేకు. "పోనీలే ఎలుగ..." కుందేలు దగ్గింది. పన్నెండో టేకు. "పోనీలే ఎలుగన్... మంచినీళ్ళు." పదమూడోసారి నవ్వు కూడా వచ్చింది గానీ, పాల దాకలో మూత జారిపడ్డట్టుంది.

"మేడం, 'అన్నా' అనడానికేమైంది? రెండక్షరాలు!"

"ఇన్నాళ్ళూ ఉత్త 'ఎలుగూ' అని రాసేవాళ్ళు. ఇప్పుడీ కొత్త వరస ఎవరు కలిపారు? ఆయన్ని నేను అన్న అనడమా! కళ్ళు పోతాయి."

అమ్మాయికి పగలుంటాయని తెలుసు గానీ, మాటవరసకి కూడా అన్నా అనలేనంత పగ మొదటిసారి చూస్తోంది.

గడియారం ఐదుకి పది నిమిషాలు.

"మేడం, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఇది పోతే నా ఉద్యోగం పోతుంది" అంది.

కుందేలు మెత్తబడింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ఎలుగు ఆ పిల్లవైపు ఓసారి చూసి, మీసం సవరించుకుని మైకు దగ్గరికి వంగాడు. రికార్డింగ్ దీపం ఎర్రగా వెలిగింది.

"పక్కింటి కుందేలూ! తప్పైపోయింది. నీ పూలకుండీ పగలగొట్టింది నేనే" అన్నాడు ఎలుగు గొంతుతో.

కాగితంలో ఉన్నది కంచె. కుండీ లేదు. అమ్మాయి చెయ్యి ఆపే మీట మీదికి వెళ్ళింది.

"నెపం పిల్లి మీద పెట్టాను. పాపం, దానికి రెండు రోజులు పాలు లేకుండా పోయాయి. ఇప్పుడు అది కూడా నాతో మాట్లాడటం లేదు."

కుందేలు నవ్వింది. అట్లాంటి ఇట్లాంటి నవ్వు కాదు. శాలువా జారిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నవ్వులోనే, "పోనీలే ఎలుగుబావా, లోపలికి రా, బయట చలి" అనేసింది.

అమ్మాయి మీట నొక్కలేదు. బావైతే ఏం, అడవిలో కాకీ నక్కా అందరూ బావలేగా. మూడో టేకులోంచి "కంచె విరగ్గొట్టాను" అన్న ముక్క కోసి, కుండీ మాట దగ్గర అతికించి, పిల్లి సంగతి తీసేసింది. ఐదుకి ఒక్క నిమిషం ఉండగా ఫైలు పంపింది. "ఇన్నేళ్ళలో ఇలాంటి నవ్వు వినలేదు. రేపు త్వరగా రా" అని మేనేజరు జవాబిచ్చాడు.

ఎలుగు మెట్లు దిగిపోయాడు. అమ్మాయి సంబరంగా గదిలోకి పరుగెత్తింది.

"మేడం, ఆయన్ని క్షమించేశారన్నమాట!"

"నవ్వింది కుందేలు, నేను కాదమ్మా" అంది ఆవిడ, శాలువా బిగించుకుంటూ.

ఆ అమ్మాయికి గుండె తరుక్కుపోయింది. తన ఉద్యోగం కోసం ఎంత కష్టాన్ని దిగమింగిందో ఈవిడ!

"వచ్చే వారం నుంచి మీ ఇద్దర్నీ వేర్వేరు రోజుల్లో పిలుస్తాను మేడం. మళ్ళీ ఆయన మొహం మీరు చూడక్కర్లేకుండా చేసే పూచీ నాది."

కుందేలు ఆమె బుగ్గ పుణికింది.

"బంగారుతల్లివి. ముప్ఫై ఏళ్ళ కిందట మా ఇద్దరి పెళ్ళినాడు ఈ ముక్క చెప్పడానికి ఒక్కళ్ళూ లేకపోయారు."