ప్లాట్‌ఫారం సీను

హాల్లో ఎవరో ఈల వేశారు.

"ఎవరది? జర సప్పుడు చెయ్యకున్రి!"

ముందు వరసలోంచి ఒక ముసలామె లేచి గట్టిగా అంది. ఈల ఆగింది. నవ్వులు మొదలయ్యాయి.

తెర మీద రైలు కదులుతోంది. హీరో వెళ్లిపోతున్నాడు. ప్లాట్‌ఫారం మీద హీరోయిన్ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడుస్తోంది.

అది వికారాబాద్‌లో ప్రియదర్శిని నడిపే పాత సినిమాల క్లబ్బు. ఆ ఆదివారం వేసింది యాభై ఏళ్లనాటి ప్రేమకథ. లెక్చరర్‌గా పనిచేసే ప్రియదర్శినికి ఆ సినిమా అంటే ప్రాణం. ఎక్కడా దొరకని ప్రింటును ఎవరెవరినో బతిమాలి సంపాదించింది.

సినిమా అయిపోగానే మైకు అందుకుంది.

"ఎన్నో ప్రేమకథలు వచ్చాయి, పోయాయి. ఇదే ఎందుకు నిలిచింది? ఆ ప్లాట్‌ఫారం సీను చూడండి. సినిమా అంతా పాటలతో ముంచెత్తిన సంగీత దర్శకుడు అక్కడ ఒక్క వాయిద్యం కూడా వాడలేదు. కెమెరామన్ ఒకే ఒక్క దీపం ఉంచి మిగతాదంతా చీకటి చేసేశాడు. మొహం కూడా కనిపించదు. వినిపించేది ఏడుపొక్కటే. నటన అంటే అదీ!"

చప్పట్లు మోగాయి.

"గది యాక్టింగ్ కాదు బిడ్డా."

మళ్లీ ఆ ముసలామే.

ప్రియదర్శిని నవ్వు ఆపుకుంది. "మరేంటమ్మా?"

"జర గా ముక్క మళ్లొక్కసారి పెట్టు. తాండూరు కెల్లి రైలెక్కి వచ్చిన."

"టైం లేదమ్మా. ఇంకా మాట్లాడేవాళ్లు ఉన్నారు."

"ఒక్కసారి బిడ్డా. నీకు పుణ్యముంటది."

వెనక వరసల్లో గొణుగుళ్లు మొదలయ్యాయి. ప్రియదర్శినికి విసుగొచ్చింది.

"యాక్టింగ్ కాదన్నారుగా. అయితే మీరే ఇటొచ్చి ఒకసారి ఏడ్చి చూపించండి. వింటాం."

హాలంతా గొల్లుమంది.

ముసలామె నవ్వలేదు. కోప్పడనూ లేదు.

"నాకిప్పుడు రాదు బిడ్డా" అంది. కొంగు సర్దుకుని, కుర్చీలు పట్టుకుంటూ బయటికి నడిచింది.

ఎవరో ఇదంతా ఫోన్లో తీశారు. వారం తిరక్కుండానే వికారాబాద్‌లో అందరి ఫోన్లలోనూ ఆ వీడియోనే. కింద అన్నీ నవ్వు బొమ్మలు.

ప్రియదర్శిని కూడా చూసింది. తన గొంతు తనకే నచ్చలేదు. ముసలామె మొహం దగ్గర వీడియో ఆపింది. ఆ మొహంలో సిగ్గు లేదు. ఏదో అడగడానికి వచ్చి వట్టి చేతులతో తిరిగిపోతున్న మనిషి మొహం అది.

క్లబ్బులో అందరినీ అడిగితే సుశాంత్ అనే కుర్రాడు చెప్పాడు.

"రామమ్మ, మేడమ్. తాండూరుల మా గల్లీనే. బండల పాలిష్ మిషన్ల పక్కన ఉంటది."

పోవాలి పోవాలి అనుకుంటూనే పనుల్లో ఆదివారాలు గడిచిపోయాయి. చివరికి ఒకరోజు ఆ సీను ఫోన్లో ఎక్కించుకుని తాండూరు రైలెక్కింది. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు పెట్టాలనుకుంది.

గల్లీ అంతా తెల్లటి రాతిపొడి. ఆ ఇంటి ముందు టెంటు విప్పుతున్నారు.

అరుగు మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"రామమ్మగారు..."

"నాయినమ్మ మంగళారం పోయింది. నేను మనవరాల్ని, వర్షితను. మీరెవరు?"

ప్రియదర్శిని పేరు చెప్పింది.

"తప్పయిందని చెప్పనీకి వచ్చిన" అంది. మైకు ముందు మాట్లాడే తెలుగు ఇప్పుడు రాలేదు.

"నాయినమ్మకు మీ మీద కోపం లేకుండె మేడమ్. మళ్లెప్పుడు ఏస్తరో కనుక్కోమన్నది."

"గంత ఇష్టమా ఆ సినిమా?"

"కథ గూడ సక్కగ తెల్వదు. హీరోయిన్ పేరు తెల్వదు. యాడ ఆడినా గా ఒక్క సీను కోసమే పోతుండె."

"ఎందుకు?"



"గప్పుడు సినిమావాళ్లు తాండూరు స్టేషన్ల రైలు సప్పుడు టేపు చేస్తున్నరంట. మా నాయిన కంటె ముందు నాయినమ్మకు ఒక కొడుకు. జరమొస్తే పట్నం దవాఖానకు తీస్కపోదామని ఒళ్లె పండవెట్టుకొని గాడనే కూసున్నది. రైలొచ్చే యాళ్లకు పిల్లగాడు పానం ఇడిసిండు. నాయినమ్మ ఏడుపు గూడ టేపుల పడ్డది. దాన్నే హీరోయిన్‌కు పెట్టిన్రు. సినిమా చూస్తే నాయినమ్మకు తన గొంతే ఇనవడ్డది."

ప్రియదర్శిని వెళ్లి వర్షిత పక్కన అరుగు మీద కూర్చుంది.

"పిల్లగానికి ఒక్క ఫోటో గూడ లేదు మేడమ్, వాడు పుట్టిండు, బతికిండు అని చెప్పనీకి నాయినమ్మకు ఈ లోకంల గా ఏడుపొక్కటే మిగిలింది."